ఆదోనిలో ఒలకబోసిన చలి

మార్చి నెలలో ఆదోని వెళ్ళి అక్కడి కాలేజీ పిల్లలకు చలి గురించి చెప్పి వస్తానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వరా మరి! మా కాకినాడ వైపు వాళ్ళకు కర్నూలు జిల్లా పేరు వింటేనే నోరెండిపోతుంది. గొడుగు తీసుకెళ్ళమని ఒకరు, ఉల్లిపాయ జేబులో పెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. నేను మాత్రం పెట్టెలో ఒక నల్ల బిళ్ళ, ఒక గోరంత అయస్కాంతం, నాలుగు చీరలు సర్దుకున్నాను.

నా పనేమిటో ముందే చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ఉద్యోగం. కాసిన్ని లిథియం పరమాణువుల్ని గాలి తీసేసిన పెట్టెలో బంధించి, లేజర్ కాంతితో వాటి వేడి లాగేస్తాం. ప్రపంచంలో ఇంతకంటే చల్లదనం లేదు అనే హద్దు ఒకటుంది. దానికి డిగ్రీలో పదిలక్షో వంతు దూరం దాకా తీసుకెళ్తాం. ఆ చలిలో అవి జతలు కడతాయి. ఎలా కడతాయి, కట్టాక ఎలా పారతాయి అన్నదే నా పదేళ్ళ చదువూ, కొలువూ. నల్ల బిళ్ళలోనూ జరిగేది అలాంటిదే. అక్కడ జత కట్టేవి ఎలక్ట్రాన్లు. తగినంత చల్లబడితే ఆ బిళ్ళలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పోతుంది. అటువంటి వాటిని అతివాహకాలు అంటారు.

ఆదోని, మిట్టమధ్యాహ్నం

బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ముప్పై అయిదు రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపానికి నమిలేవే తప్ప టిఫిను కాదు. మొదటి ముద్ద అనుమానంగా తిన్నాను, రెండో ప్లేటు అనుమానం లేకుండా తిన్నాను. బజ్జీలో గింజలు తీయరన్న సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ కాలేజీకి వెళితే, ఫిజిక్సు చెప్పే పర్వీన్ మేడం ఏమైందోనని కంగారు పడింది.

ఆమె కంగారుకు వేరే కారణం కూడా ఉంది. నల్ల బిళ్ళను చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. కర్నూలు నుంచి రావలసింది రాలేదు. మూడు గంటలకు సభ. రెండు వందల మంది పిల్లలు.

“ఫికర్ పడొద్దు మేడం. ఈరన్న ఉండాడు” అంది పర్వీన్ మేడం. ఎవరికో ఫోను చేసింది. అరగంటలో ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు, గుమ్మడికాయలా గుండ్రంగా ఉన్న అల్యూమినియం డబ్బాను గోనెసంచిలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

“పర్వీన్ మేడం కాడ నేను బీయస్సీ సదివినా మేడం. ఫెయిలైనా గానీ, సదివినా” అన్నాడు.

ఈరన్నది గోనెగండ్ల దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆవులకూ ఎనుములకూ సూదులు వేస్తాడు. మా గేదె అక్కడ ఎనుము. సూది అంటే ఎద్దులతో, దున్నలతో పని లేకుండా చూలు కట్టించే సూది. ఎక్కడో మంచి జాతి దున్న నుంచి తీసిన బీజాన్ని గడ్డిపరకంత గొట్టాల్లో నింపి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచుతారు. నైట్రోజన్ తరిగిపోతే గొట్టాల్లోని ప్రాణం పోతుంది. అది నింపే వ్యాను ఆ రోజు ఆదోని పశువుల ఆసుపత్రికి రావాలి. నింపుకోవడానికే అతను బస్సులో వచ్చి వ్యాను కోసం కాచుకున్నాడు.

డబ్బా లోపల వేలాడే గొట్టాలు కదలకుండా మెల్లగా వంచి, కాలేజీ ఫ్లాస్కులోకి మూడు లీటర్లదాకా పోశాడు. “వాడుకోండి మేడం. మిగిలింది మల్లా డబ్బాలో పోసుకుంటా” అన్నాడు. నేను అయస్కాంతం వెతుక్కుంటూ “అలాగే, అలాగే” అన్నాను.

రెండు వందల చప్పట్లు

సభ బ్రహ్మాండంగా జరిగింది. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, జరిగింది. బిళ్ళ మీద నైట్రోజన్ పోసి, పైన అయస్కాంతం పెట్టి చెయ్యి తీసేస్తే, అది గాల్లో నిలబడి గిర్రున తిరిగింది. వెనక బెంచీల వాళ్ళు బల్లలెక్కారు.

నల్ల బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఎలక్ట్రాన్లు ఒంటరిగా ఉన్నంతసేపూ దారిలో ప్రతిదాన్నీ గుద్దుకుంటాయి, వేడి పుడుతుంది. జతలు కట్టి అన్నీ ఒక్క నడకలో కదిలితే గుద్దుకోవడం ఉండదు. మామూలు అతివాహకాల్లో ఇవెందుకు జత కడతాయో తెలుసు. ఈ నల్ల బిళ్ళలో ఇంత ‘వేడి’ దగ్గర, అంటే సున్నాకు నూట ఎనభై డిగ్రీలు కిందనే, ఎందుకు కడతాయో ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. బిళ్ళ లోపలికి తొంగిచూడలేం కాబట్టి మేము పరమాణువుల వాయువులో అలాంటి ఆటే ఆడించి చూస్తున్నాం. అక్కడ అయస్కాంత బలం తగ్గించీ పెంచీ జతలోని ఇద్దరినీ దగ్గరకు లాగొచ్చు, ఎడంగా జరపొచ్చు. రెండు మడుగుల్లో పరమాణువులు ఉంచి, మధ్య సన్నటి కాలువ తీసి, ఎంత పారిందో కొలవొచ్చు.

మూడో వరసలో ఒకమ్మాయి లేచింది. “మేడం, కొంతమంది చెప్పేదాని ప్రకారం ఈ బిళ్ళలో జతలు ఇంకాస్త వేడిగా ఉన్నప్పుడే ఏర్పడతాయంట కదా. జతలు ముందే ఉంటే, అడ్డు లేకుండా పారడం ముందే ఎందుకు మొదలు కాదు?”

నేను పదేళ్ళుగా తలబద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అది! ఆదోనిలో, ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో, డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల అడిగింది. జత కట్టడం ఒకటి, జతలన్నీ కలిసి అడుగేయడం ఇంకొకటి, రెండోదానికి ఇంకా చలి కావాలేమో, ఇందులో వాదాలు తెగలేదు అని చెప్పాను. చెబుతుంటే ఒళ్ళు పొంగిపోయింది. ఆ ఊపులో మా ప్రయోగశాల అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. ప్రదర్శన అయ్యాక మిగిలిన నైట్రోజన్‌ను మేము నేల మీద పారబోస్తాం. తెల్లటి పొగ అలలా పరుచుకుంటుంది, చూసేవాళ్ళకు భలే ముచ్చట. ఫ్లాస్కు ఎత్తి, ఉన్నదంతా ఒక్క విసురుతో నేల మీద పోశాను.

గది దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. పొగ విడిపోయాక తలుపు దగ్గర ఈరన్న కనిపించాడు. డబ్బా మూత తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ గుర్తుకు రాలేదు. తర్వాత అంతా గుర్తొచ్చింది.

బయటికొచ్చి క్షమాపణ చెప్పాను. “అంతమంది సప్పట్లు కొడతాంటే నేను యాడ అడ్డం వస్తా మేడం” అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

ఆసుపత్రికి ఫోను చేస్తే వ్యాను దారిలో చెడిపోయిందనీ, శుక్రవారం దాకా రాదనీ చెప్పారు. ఆ రోజు మంగళవారం. ఈరన్న సన్నటి నల్ల స్కేలు ఒకటి డబ్బాలోకి దించి బయటికి తీశాడు. తడిసినంత మేర మంచు పట్టింది. దాన్ని వేళ్ళతో కొలిచాడు.

“మూడు వేళ్ళుండాది. నా డబ్బా ముసల్ది మేడం, రోజుకు రెండు వేళ్ళు తాగుతాంది.”

మేమలా నిలబడి ఉండగానే అతనికి ఫోను వచ్చింది. లక్ష్మమ్మ అని వాళ్ళ పల్లె పక్కన కూలిపని చేసుకునే ఆవిడ. భర్త లేడు. ఉన్నది ఒక్క ఎనుము. అది మధ్యాహ్నం నుంచి అరుస్తోందట, అంటే ఎదకొచ్చింది. పొద్దునకల్లా సూది పడాలి. లేకపోతే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. ఇప్పటికే రెండుసార్లు సూది నిలవలేదు. ఈసారీ నిలవకపోతే మేపే ఓపిక లేదనీ, సంతకు తోలేస్తాననీ ఆవిడ అంటోంది. సంతకు పోయిన గొడ్డు ఎక్కడికి పోతుందో అడగక్కర్లేదు.

నేనూ వస్తానన్నాను. “మీరెందుకు మేడం ఎండలో” అన్నాడు. ఇంక మాట్లాడనివ్వలేదు.

ఎమ్మిగనూరు బస్సు

తెల్లారగానే మొదటి బస్సు పట్టుకున్నాం. దారిలోనే, ఎమ్మిగనూరులో, బజారి అని ఈరన్నలాగే సూదులేసే మనిషి ఉన్నాడు. అతని దగ్గర పెద్ద డబ్బా ఉంది. అడిగితే మిగతా గొట్టాలు శుక్రవారం దాకా బతికేటంత ఇస్తాడని ఆశ.

డబ్బా మా ఇద్దరి కాళ్ళ మధ్య ఉంది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా మూత అంచు నుంచి సన్నగా పొగ వచ్చేది. ఎదురు సీటులో ఒక ముసలావిడ, ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కు తీర్చుకుని వస్తోందట, చాలాసేపు చూసి ఆపుకోలేకపోయింది.

“ఏముందప్పా దాండ్లో? పొగొస్తాంది?”

“దున్నపోతులవ్వా. నూరుండాయి.”

“నూరా! అరవకుండా ఎట్ల కూసున్యాయప్పా?”

“సలికి, అవ్వా.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, నిన్నటి సాయంత్రం తర్వాత మొదటిసారి. అప్పుడు ఈరన్న నావైపు తిరిగి అడిగాడు. “మీరు నాకంటే సల్లగా సేస్తారంట గదా మేడం. దాండ్లో ఏం దాస్తారు?”

“ఏమీ దాయం. చూస్తాం. పది సెకన్లు చూస్తే అది చెదిరిపోతుంది. మళ్ళీ కొత్తది చేస్తాం.”

“సూసేదానికేనా?” అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నా పరువు నిలబెట్టుకోవడానికి వివరంగా చెప్పబోయాను. జతలో ఇద్దరూ పక్కపక్కనే ఉండనక్కర్లేదనీ, పాతరకం అతివాహకాల్లో ఒక జతలోని ఇద్దరి మధ్య వేరే జతల వాళ్ళు వేలమంది తిరుగుతుంటారనీ, అయినా వీళ్ళ జత చెడదనీ చెప్పాను. ఈరన్న చటుక్కున అందుకున్నాడు.

“మా ఎనుములూ అంతే గదా మేడం. దున్న యాడుండాదో దానికి తెలీదు. మధ్యలో ఎన్ని ఊర్లో.”

పదేళ్ళలో ఎవరూ నాకంత తేలిగ్గా చెప్పలేదు. రాసుకుందామని పుస్తకం తీశాను గానీ బస్సు కుదుపుకు అక్షరాలు కుదరలేదు.

పడుగు అడ్డం

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. బజారి ఇల్లు నేతగాళ్ళ వీధి చివర ఉంది. మేము వెళ్ళేసరికి వీధికి అడ్డంగా పడుగు పరిచి ఉంది. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని అలా వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. ఇప్పుడు ఆ వీధిలో ఒక్క కుటుంబమే అలా చేస్తోందట. పడుగు ఒక మలుపు దగ్గర సందును పూర్తిగా మూసేసింది.

అటొకరు, ఇటొకరు. మధ్యలో వందల పోగులు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఒక్క చేతిలాగ కుంచె లాగుతూ నడుస్తారు. అలాంటి జతలు నాలుగు. కింద దూరిపోదామంటే డబ్బాను వంచడానికి లేదు.

“అన్నా, కొంచెం ఎత్తన్నా. నా డబ్బా ఆరిపోతాంది” అన్నాడు ఈరన్న.

“ఆగప్పా, నా పడుగూ ఆరిపోతాంది” అన్నాడు పెద్దాయన, తలెత్తకుండానే. గంజి తడిమీద ఉండగానే దువ్వాలి. ఆరితే పోగులన్నీ అట్టకట్టి పాడవుతాయి. ఆయన తడి లెక్కా, మా చలి లెక్కా ఒకటే.

ఆగాం. పావుగంట. ఎండ ఎక్కుతోంది. ఈరన్న గోనెసంచి తడిపి డబ్బాకు చుట్టాడు. నేను ఆ నాలుగు జతల్నే చూస్తూ నిలబడ్డాను. ఒక జత ముందుకు, ఒక జత వెనక్కి. ప్రతి జతా తనలో తాను ఎంత కుదురుగా ఉన్నా మాకు దారి లేదు.

చివరి కుంచె అయ్యాక పెద్దాయన “ఊఁ, ఎత్తండప్పా!” అని కేకేశాడు. నాలుగు జతలూ పడుగు ఆనిన వెదురు కర్రల్ని ఒక్కసారే పట్టి లేపాయి. ఆ బారు పడుగు ఒక్క పోగూ చెదరకుండా మా తలల మీదికి లేచింది. కింద నుంచి నిటారుగా నడిచిపోయాం.

నిన్నటి అమ్మాయి ప్రశ్నకు నేను బోర్డు మీద చెప్పిన జవాబు సరే గానీ, చూపించి ఉండాల్సింది ఇది. జతలు పొద్దుటి నుంచీ ఉన్నాయి. అందరూ ఒక్క కేకకు లేచినప్పుడే దారి వచ్చింది.

బజారి మమ్మల్ని చూసి సంగతి అడగలేదు, ముందు స్కేలు దించి చూశాడు. వేలు, వేలున్నర. తన పెద్ద డబ్బాలోంచి పోస్తూ, “నాకూ శుక్రారం దాకా రావాల. అయినా ఎనుము ఆగదు గదా” అన్నాడు. మళ్ళీ కొలిస్తే అయిదు వేళ్ళు తేలింది. పోసేటప్పుడు అంచున నాలుగు చుక్కలు నేలమీద పడి పొగలై పోయాయి. ముగ్గురం వాటినే చూశాం. నేను తల దించుకున్నాను.

లక్ష్మమ్మ ఇల్లు

గోనెగండ్ల దాటి ఆటోలో పల్లె చేరేసరికి పదిన్నర. లక్ష్మమ్మ వాకిట్లోనే ఉంది. యాభై ఏళ్ళుంటాయి. పనికి పోకుండా కాచుకుని కూర్చుంది.

“రాప్పా ఈరన్నా. ఈ యమ్మ ఎవురు?”

“హైదరాబాదు మేడం. సలి గురించి సదువుకునింది.”

“దానికీ సదువుండాదా!” అంది ఆవిడ, నా వంక జాలిగా చూసి.

ఈరన్నా ఆవిడా కొట్టంలో ఎనుము పక్కన నిలబడి కాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. గొడ్డు సంగతేననుకున్నాను. తర్వాత ఈరన్న చెంబులో గోరువెచ్చటి నీళ్ళు అడిగి, వేలు పెట్టి చూసి, ఇంకాస్త చన్నీళ్ళు కలిపాడు. డబ్బాలోని గొట్టాలను మెడ దాటి పైకి రానివ్వకుండా లేపి, పట్టకారుతో ఒకటి తీసి నీళ్ళలో వేశాడు. అరనిమిషం. అంత చలి నుంచి ఒంటి వెచ్చదనానికి అరనిమిషంలో వచ్చేయాలి. నేను జీవితమంతా చల్లబరచడమే చేశాను. చల్లబరిచిన దాన్ని మళ్ళీ బతికించడం ఎప్పుడూ చూడలేదు. లోలోపల అంకెలు లెక్కపెట్టాను.

నిన్న తగ్గిన మట్టంలో ఆ గొట్టం ఎంతసేపు పైకి తేలి ఉందో, దానికేమైనా అయిందో, తెలిసే దారి లేదు. ఈరన్న తన పని తాను చేసి, చేతులు కడుక్కుని, “ఇంగ సామి దయ” అన్నాడు.

లక్ష్మమ్మ తినకుండా పోనివ్వనంది. పొయ్యి మీద జొన్నరొట్టె చేత్తో తట్టి కాల్చింది. మేము వేరుశనగ అనే చెనిక్కాయల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, వంకాయ కూర. మా వైపు అన్నం లేని భోజనం భోజనమే కాదు. ఆ రోజు మూడు రొట్టెలు తిన్నాను. నిన్న నేను చేసిన పని ఈవిడకు చెప్పాలి. చెబితే ఏమంటుంది? సూది నిలిస్తే అసలు చెప్పక్కర్లేదు కదా? నిలవకపోతే అప్పుడు చూసుకోవచ్చు కదా? ఇలా సాకులు వెతుక్కుంటూ నమిలాను.

ఆవిడ నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తను తినలేదు. నా మొహమే చూస్తూ, “సెప్పు తల్లీ” అంది.

“రొట్టె చాలా బాగుందమ్మా” అన్నాను.

కాసేపాగి మళ్ళీ అంది, “ఇంగేమన్నా సెప్పు.”

“ఈ పొడి ఎలా కొడతారు?” అని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. చెనిక్కాయలు దోరగా వేయించాలట, ఎండుమిరప, తెల్లగడ్డ, అంటే వెల్లుల్లి, వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలట. పొట్లం కట్టి ఇచ్చింది కూడా.

ఇరవై ఒక్క రోజులు

ఎనుము సూడి కట్టకపోతే మూడు వారాలకు మళ్ళీ ఎదకొస్తుంది. హైదరాబాదు తిరిగొచ్చాక ప్రయోగశాల గోడ మీది క్యాలెండరులో ఆ రోజుకు సున్నా చుట్టాను. పక్కవాళ్ళు కొత్త ప్రయోగం తేదీ అనుకున్నారు. ఈలోగా మా పరమాణువుల్ని వందలసార్లు చల్లబరిచాం, వందలసార్లు అవి చెదిరిపోయాయి. రోజూ సాయంత్రం మిగిలిన నైట్రోజన్‌ను తిరిగి పెద్ద డబ్బాలో పోస్తున్నాను. నా విద్యార్థులకు ఇదేం పిసినారితనమో అర్థం కావడం లేదు.

సున్నా చుట్టిన రోజు వచ్చింది. ఫోను చేయడానికి ధైర్యం చాల్లేదు. మర్నాడూ చేయలేదు. మూడో రోజు ఈరన్నే చేశాడు. వ్యాను సరిగ్గా వస్తోందనీ, పర్వీన్ మేడం అడిగినట్టు చెప్పమందనీ ఏవేవో చెప్పి, “ఈడ లక్ష్మక్క ఉండాది, మాట్లాడతాదంట” అని ఫోను ఆవిడకిచ్చాడు.

“ఎనుము మల్లా అరవలేదు తల్లీ. నిలిచినట్టే ఉండాది” అంది లక్ష్మమ్మ.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏదో అనబోయాను. ఆవిడ ఆగలేదు.

“ఆ పొగనీళ్ళు నువ్వు కింద పోసినావని ఈరన్న ఆ పొద్దే కొట్టంలో సెప్పినాడు. రొట్టె తింటా నువ్వే సెప్తావేమోనని ఎదురుంగా కూసుంటి.”

ప్రయోగశాలలో పంపుల చప్పుడుకు దూరంగా వరండాలోకి నడిచాను.

“అవునమ్మా, నేనే పోశాను” అన్నాను.

“ఆఁ” అంది ఆవిడ. అని, ఫోను ఈరన్నకిచ్చేసింది.